కాకిముక్కుకు దొండపండు

నా పెళ్ళి 1972లో జరిగింది. బంతిలో పెళ్ళికూతురి పక్కన కూర్చుని భోంచేస్తున్నాను. విస్తట్లో దొండకాయ కూర వడ్డించారు. వడ్డించినావిడ మా ఆవిడకు స్వయానా మేనత్త. గరిటె చేత్తో పట్టుకుని నావంక ఒకసారి, పెళ్ళికూతురివంక ఒకసారి చూసి, వెనకాల నిలబడ్డ ఆడవాళ్ళతో, "కాకిముక్కుకు దొండపండంటే ఇదేనర్రా!" అంది.

నేను నలుపు. మా అమ్మ చామనచాయ అనేది గాని, అది కన్నతల్లి మాట. మా ఆవిడ పచ్చని పసిమి. కనక ఆ సామెత మాకు సరిగ్గా సరిపోయిందనే చెప్పాలి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెళ్ళికొడుకు నవ్వక ఏం చేస్తాడు? కాని ఆ పూట దొండకాయ కూర ముట్టుకోలేదు. ఆ పూటే కాదు, ఆ తరవాత 28 ఏళ్ళపాటు ముట్టుకోలేదు. ఎవరైనా అడిగితే, "దొండకాయ తింటే బుద్ధి మందగిస్తుందంటారు కదండీ, నాకసలే ఉన్నది అంతంతమాత్రం" అని నవ్వులాటగా తప్పించుకునేవాణ్ణి.

ఆ సామెత మీరూ వినే ఉంటారు. ఎవరో ఒకరిమీద విసిరి కూడా ఉంటారు. అయితే అందులో ఉన్న దొండపండును మీరు ఎప్పుడైనా చూశారా? అది తీగన వేళ్ళాడుతుండగా చూశారా? కాకి దాన్ని తింటుండగా చూశారా? నేను చూశాను. చూశాక ఆ సామెతను గురించి నా అభిప్రాయం మారింది. అదెలాగో చెబుతాను.

దడిమీది తీగ

సామెతలోది బజార్లో తూకంవేసి అమ్మే దొండకాయ కాదు. పందిరి దొండను పండేదాకా ఎవరూ ఉంచరు. లేతగా ఉండగానే కోసి వేపుడో, కూరో చేసుకుంటారు. గంపలో ఒకటి ఎర్రబడి కనిపించిందా, ఏరి అవతల పారేస్తారు. సామెతలోది కాకిదొండ. ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా, తనంతట తాను పుట్టి పాకే అడవితీగ.

మాది బాపట్ల దగ్గర ఇసకనేలల పల్లెటూరు. నా చిన్నతనంలో ఇంటిచుట్టూ తాటాకు దడి, దొడ్డిచుట్టూ బ్రహ్మజెముడు కంచె, బాట పక్కన తుమ్మచెట్లు ఉండేవి. ఈ మూడింటిమీదా కాకిదొండ అల్లుకునేది. ఎక్కడానికి ఏదీ దొరకనిచోట నేలమీదే పాకిపోయేది. రైలుకట్ట పక్కన కంచెమీద, కాలవగట్లమీద, పాడుబడిన గోడలమీద, స్మశానం పక్క పొదలమీద ఎక్కడ చూసినా అదే. మంచి నేల కావాలనీ, నీడ కావాలనీ దానికి పట్టింపు లేదు. పట్టుకోవడానికి ఏదో ఒక ఆసరా ఉంటే చాలు. ఆకు పక్కనుంచి సన్నని నులితీగె ఒకటి చాచి, దొరికినదాన్ని చుట్టేసి, ఇక పైకే.

ఎండాకాలం వచ్చేసరికి తీగంతా వాడి తాళ్ళలాగా దడికి వేళ్ళాడుతుంది. చచ్చిపోయిందనుకుంటాం. తొలకరి జల్లు పడ్డ కొద్దిరోజులకే అడుగునుంచి కొత్త చిగురు బయలుదేరుతుంది. ఈ తీగకు నేలలో దుంపలాటి లావుపాటి వేరుంటుంది. ఎండలకు పైతీగ ఎండినా ఆ వేరు బతికే ఉంటుంది. అందుకే పైన ఎంత పీకినా కాకిదొండ ఒక పట్టాన పోదు.

ఆకు అయిదు కోణాలతో, అరచేతిలో ఇమిడేటంత ఉంటుంది. పువ్వు తెల్లన, అయిదు కొసలతో బొమ్మల్లో వేసే చుక్కలాగా విచ్చుకుంటుంది. పచ్చికాయమీద తెల్లని చారలు. పండితే ఆ చారలు మాయమై కాయంతా మంకెనపువ్వు రంగుకు తిరుగుతుంది.

రుచి సంగతి పల్లెటూరి పిల్లల్ని అడగాలి. పచ్చి కాకిదొండ కొరికితే చేదు నాలికమీంచి గంటసేపు వదలదు. అదే కాయ బాగా ఎర్రబడ్డాక చేదు విరిగి చప్పని తీపి అవుతుంది. లోపల ఎర్రని జిగట గుజ్జు, దాన్నిండా గింజలు. సెలవల్లో మేము దడుల వెంట తిరుగుతూ ఉడతలతోనూ, గోరింకలతోనూ పోటీలుపడి ఆ పళ్ళు తినేవాళ్ళం. మూతులు, చొక్కాలు ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చి చివాట్లు తినేవాళ్ళం.

పిల్లలున్నవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. అదే దడిమీద లింగదొండ అని మరొక తీగ కూడా పాకుతుంది. దాని కాయ కోలగా ఉండదు, గోళీకాయలాగా గుండ్రంగా ఉంటుంది. పండి ఎర్రబడ్డా దానిమీది తెల్లచారలు పోవు. ఆకు కూడా చేతివేళ్ళలాగా లోతుగా చీలి ఉంటుంది. చూడముచ్చటగానే ఉంటుంది గాని అది విషపుకాయ. చారలు పోయిన పండు కాకిదొండ, చారలున్న పండు లింగదొండ అని మా పెద్దలు మాకు నేర్పారు. మీరూ మీ పిల్లలకు నేర్పండి. ఆదొండ అనేది మళ్ళీ వేరు; దానికి పేరులో దొండ ఉన్నదేగాని అది ముళ్ళపొద, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

అందానికి కొలబద్ద

ఇంత పల్లెటూరి తీగను మన కవులు ఎక్కడికో ఎత్తేశారు. సంస్కృతంలో దీని పేరు బింబం. అందమైన స్త్రీ బింబాధరి, బింబోష్ఠి. మేఘసందేశంలో యక్షుడు దూరాన ఉన్న తన భార్య గుర్తులు మేఘుడికి చెబుతూ, ఆమె పెదవి పండిన దొండపండులాగా ఉంటుందంటాడు. కాళిదాసు వేసిన ఆ దారిని మన భాషలన్నింటిలోని కవులూ నడిచారు. తమిళులకు అది కోవై, కన్నడిగులకు తొండె, మహారాష్ట్రులకు తోండలీ, హిందీవారికి కుందురు, బెంగాలీలకు తేలాకుచా. పేరు ఏదైనా పండు అదే. చిలకముక్కుకు కూడా ఈ పండుతోనే పోలిక.

గమనించారా? చిలకముక్కు దొండపండులాగా ఉంటుందట. అది పొగడ్త. కాకిముక్కున దొండపండు ఉంటే మాత్రం ఎగతాళి! మా ఆవిడ మేనత్త కాళిదాసును చదివి ఉండదుగాని, ఎర్రదనానికీ నల్లదనానికీ వేసిన ఈ లెక్క మాత్రం ఆవిడకు కంఠతా వచ్చు. అందరికీ వచ్చు. పెళ్ళిచూపుల్లో చాప పరిచిన మరుక్షణం నుంచి ఆ లెక్కే నడుస్తుంది.

కాయని తీగ

1983లో మేము తెనాలిలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. రంగులో పూర్తిగా నా పోలికే. ఒకరోజు బడినుంచి ఏడుస్తూ వచ్చింది. పిల్లలెవరో "కాకీ, కాకీ" అని ఏడిపించారట. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ ఆదివారం దాన్ని మా ఊరికి తీసుకువెళ్ళి, దడిమీది దొండపళ్ళు కోసి పెట్టాను. దానికి ఆ తీగ నచ్చింది. మనింట్లోనూ వేద్దాం నాన్నా అంది. ఒక తీగముక్క తుంచి తెచ్చి నూతిగట్టు పక్కన గుచ్చాం.

నెల తిరిగేసరికి అది నూతిగిలక స్తంభం ఎక్కింది. వానాకాలానికి గోడంతా కమ్మింది. తెల్లని పువ్వులు దండిగా పూశాయి. కాయ మాత్రం ఒక్కటీ లేదు. మరుసటి ఏడూ అంతే. మా ఆవిడ, "మీ చెయ్యి మంచిది కాదేమో" అంది. పక్కింటావిడ, "దిష్టి తగిలుంటుంది, పాతచెప్పు కట్టండి" అంది. చివరకు ఎదురింట్లో ఉండే వృక్షశాస్త్రం లెక్చరరు ఒకాయన వచ్చి, ఒక పువ్వు తుంచి చూసి నవ్వాడు.

"మాస్టారూ, ఇది మగతీగ. మీరు వందేళ్ళు నీళ్ళు పోసినా కాయదు."

మా ప్రాంతం వాళ్ళకు తాళ్ళలో పోతుతాడు సంగతి తెలుసు. బొప్పాయిలో మగచెట్టూ తెలుసు. దొండలో కూడా ఆ తేడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. పూలుపూసే మొక్కల్లో నూటికి అయిదారే ఇలా మగ ఒక మొక్కగా, ఆడ ఒక మొక్కగా విడివిడిగా ఉంటాయట. పోల్చుకోవడం చాలా సులభం. పువ్వు వెనక చూడండి. ఉత్త కాడ ఉంటే మగపువ్వు. పువ్వు అడుగున చిటికెన గోరంత దొండపిందె ఉంటే ఆడపువ్వు.

ఆయన ఇంకో సంగతి కూడా చెప్పాడు. మనుషుల్లో ఆడ, మగ తేడాకు కారణమైన ఎక్స్, వై క్రోమోసోములు ఉన్నాయి కదా, దొండతీగలోనూ అచ్చంగా అటువంటివే ఉన్నాయట. ఈ సంగతిని మన దేశపు శాస్త్రజ్ఞులు 1952లో ఇంగ్లండులో వెలువడే నేచర్ పత్రికలో ప్రకటించారు. మనుషుల్లో వై క్రోమోసోము చిన్నది. దొండలో అదే అన్నిటికన్నా పెద్దది. మొక్కల్లో ఇంత స్పష్టంగా ఈ తేడా కనిపించేవి చాలా అరుదు కాబట్టి, ఈనాటికీ ప్రయోగశాలల్లో కాకిదొండమీద పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి.

"మరి పందిరి దొండలో మగతీగ ఎక్కడా కనబడదేం?" అన్నాను.

"రైతు విత్తనం వెయ్యడు కదండీ. కాసే తీగ చూసుకుని దాని ముక్కలే నాటుతాడు. కాసేది ఆడతీగ. దాని ముక్కా ఆడతీగే. పైగా ఆ రకాలు చాలావరకు మగపువ్వు పుప్పొడి లేకుండానే కాయ కట్టేస్తాయి. అడవిదొండకు అలా కుదరదు. దానికి జోడీ కావలసిందే."

ఆ వారమే మళ్ళీ ఊరికి వెళ్ళి, ఈసారి పువ్వు వెనక చూసి మరీ ఆడతీగ ముక్క తెచ్చాం. రెంటినీ పక్కపక్కన పాకించాం. వానలు పడ్డాక పిందెలు దిగాయి. ఆశ్వయుజం వచ్చేసరికి నూతిగట్టు పక్కన పళ్ళు ఎర్రగా వేళ్ళాడుతున్నాయి.

మా అమ్మాయి లెక్క

ఆ పళ్ళకోసం ఎవరెవరు వస్తారో మా అమ్మాయి ఒక నోటుపుస్తకంలో రాసేది. పొద్దున్నే వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. కాకి, కోయిల, గోరింక, పికిలిపిట్ట, రామచిలక అని గళ్ళు గీసుకుంది. వాళ్ళమ్మ పొయ్యిదగ్గరనుంచి, "ఇదుగోనే, చిలకొచ్చింది రాసుకో" అని అందించేది.

కొద్దిరోజుల్లోనే ఒక సంగతి తేలింది. చిలక వస్తే మేమంతా ముచ్చటపడి చూసేవాళ్ళం. కాని అది పండును కాలితో పట్టుకుని రెండు కొరుకులు కొరికి, మిగిలింది కింద పడేసి, ఇంకో పండు మీద పడేది. దాని కింద నేలంతా సగం కొరికిన పళ్ళే. కాకి అలా చెయ్యదు. గోడమీద వాలి, అటూ ఇటూ చూసి, పండును పొడిచి, గింజలతో సహా గుజ్జంతా మింగి, ఇంకా మిగిలితే ముక్కున కరుచుకుని ఎగిరిపోయేది. సాయంత్రం అవి గూడుచేరే వేపచెట్టు మా వీధి చివర ఉండేది.

మరుసటేడు తొలకరికి ఆ వేపచెట్టు మొదట్లో దొండమొలకలు లేచాయి. ఎదురింటి సన్‌షేడుమీద ఒకటి, మా పాయిఖానా గోడ బీటలో ఒకటి, వీధి కంచెకింద ఒకటి. మా అమ్మాయి అన్నీ తిరిగి లెక్కపెట్టి వచ్చింది. మేము నాటినవి రెండు. కాకి నాటినవి ఏడు.

లెక్చరరుగారు దాని మర్మం విప్పి చెప్పాడు. తీగ ఉన్నచోటు నుంచి కదలలేదు. గింజలన్నీ దాని మొదట్లోనే రాలితే ఒకదాన్నొకటి తొక్కుకుని చస్తాయి. అవి దూరంగా పోవాలంటే ఎవరో మోసుకుపోవాలి. అందుకే గింజ ముదరనంతకాలం కాయ ఆకుల్లో కలిసిపోయి పచ్చగా, చేదుగా ఉంటుంది. ఎవరూ ముట్టుకోకుండా ఆ చేదే కాపలా. గింజ ముదిరాక చేదు తగ్గుతుంది, ఎరుపు వస్తుంది. పిట్టల కంటికి ఆకుపచ్చలో ఎరుపు ఎంత దూరాన్నుంచైనా ఇట్టే ఆనుతుంది. పిట్ట తింటుంది, గుజ్జు దాని పొట్టలో అరుగుతుంది, గింజ మాత్రం చెడకుండా రెట్టలో ఎక్కడో పడుతుంది. అక్కడ మరో తీగ.

అంటే ఆ పండు ఎర్రబడేదే పిట్టముక్కుకోసం! కవులు పెదవి అన్నారు, మేనత్తగారు పెళ్ళికూతురు అంది. తీగకు ఆ గొడవలేవీ తెలియవు. కాకిముక్కున పడటమే ఆ పండుకు సార్థకత. ఆ జంట కుదరకపోతే ఏ దడిమీదా దొండ ఉండదు. తీగ పేరు కాకిదొండ అని పెట్టినవాళ్ళు ఇది ఎరిగే పెట్టారు కాబోలు. సామెత పుట్టించినవాళ్ళు మాత్రం ముక్కు రంగునూ, పండు రంగునూ చూసి ఊరుకున్నారు.

ఇదంతా నా మనసులోనే అనుకున్నాను. మా ఆవిడతో అనలేదు. పెళ్ళినాటి మాట ఆవిడ ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది, నేనెందుకు గుర్తుచెయ్యడం అనుకున్నాను.

సముద్రాలు దాటితే

ఆ తరవాత దొండను గురించి ఎక్కడ ఏ ముక్క కనిపించినా చదవడం అలవాటయింది. దీన్ని 1767లో లిన్నేయస్ మహాశయుడు పుస్తకానికి ఎక్కించాడు. 1834లో మన మద్రాసు రాజధానిలో పనిచేసిన డాక్టరు రాబర్ట్ వైట్, ఆర్నాట్ అనే మరో పండితుడూ కలిసి దీని ప్రజాతికి కాక్సీనియా అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆ మాటకు మూలం ఎరుపే. ఈ కాక్సీనియాల్లో ముప్ఫైలోపు జాతులుంటే, మిగతావన్నీ ఆఫ్రికాలోనే ఉండిపోయాయి. ఆసియాలో కూడా సహజంగా పెరిగేది మన కాకిదొండ ఒక్కటే.

పిట్టలు మోసిన మేర సరే, మనుషులు మోసిన చోట్ల మాత్రం ఇది తంటా తెచ్చిపెట్టింది. కూరకోసమని హవాయి దీవులకూ, గ్వాం, సైపాన్ దీవులకూ తీసుకుపోయారు. అక్కడ దీన్ని తినే పురుగుపుట్ర లేదు. పిట్టలు మాత్రం ఉన్నాయి. ఇంకేముంది? చెట్లమీదా, కంచెలమీదా, కరెంటు స్తంభాలమీదా దుప్పటి కప్పినట్లు కమ్మేసి, కింది చెట్లకు ఎండ తగలకుండా చేసింది. హవాయి ప్రభుత్వం దీన్ని హానికరమైన కలుపుల జాబితాలో చేర్చింది. చివరికి ఆఫ్రికాలోని కెన్యానుంచి దీని శత్రువుల్ని వెతికి తెచ్చారు. 1996లో కాడను తొలిచే ఒక చిమ్మటను, 1999లో ముక్కుపురుగులను అక్కడ వదిలారు.

మన దేశంలో ఆ భయం లేదు. ఆకు కొట్టే పురుగులు, కాయ పుచ్చేట్టు చేసే ఈగలు, మేకలు, ఎండాకాలాలు, పళ్ళు తినే పిల్లలూ ఇన్నుండగా దానికి హద్దు మీరే అవకాశం ఎక్కడిది?

కూరా, మందూ

థాయిలాండువారు కాయకన్నా ఆకునే ఇష్టపడతారు. లేత చిగుళ్ళు కోసి పలచని చారులో ఉడికించుకుంటారు. వాళ్ళు దాన్ని తమ్లుంగ్ అంటారు. 1980ల చివర, ఆ దేశపు ఈశాన్య భాగంలోని బీదపిల్లలకు ఏ విటమిన్ చాలడంలేదని గమనించి, మందుబిళ్ళలతో సరిపెట్టకుండా, పెరటి కంచెమీద దొండతీగ పాకించి ఆ ఆకు పిల్లలకు పెట్టండని ఊరూరా ప్రచారం చేశారు. ఏ విటమిన్ లోపమే రేచీకటికి కారణమని మీకు తెలుసు. ఆ లోపానికి మందు దడిమీదే ఉన్నదన్నమాట.

మన ఆయుర్వేదంలో మధుమేహానికి దొండాకు వాడుక ఎప్పటినుంచో ఉంది. బెంగుళూరులో కొత్తగా మధుమేహం బయటపడ్డ 60 మందితో ఒక పరీక్ష చేసి, ఫలితాలు 2008లో ప్రకటించారు. కొందరికి రోజుకొక గ్రాము చొప్పున 90 రోజులు దొండ సారం ఇచ్చారు. ఉత్తుత్తి మందు పుచ్చుకున్నవారితో పోలిస్తే, వీరికి పరగడుపు చక్కెర నూటికి 16 పాళ్ళు, భోజనం తరవాతి చక్కెర నూటికి 18 పాళ్ళు తగ్గింది. అలాగని డాక్టరిచ్చిన మాత్రలు మానేసి దడులవెంట పడకండి. ఇది చిన్న పరీక్ష. పైగా మందులు మింగుతూ దీన్నీ సేవిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. వైద్యుణ్ణి అడగనిదే ఏదీ చెయ్యవద్దు.

ఇక బుద్ధి మందగించే మాట. వస నాకితే తెలివి పెరుగుతుంది, దొండ తింటే మందగిస్తుంది అని మన పెద్దలు జంటగా చెబుతూ వచ్చారు. మా బామ్మ పరీక్షల రోజుల్లో ఇంట్లో దొండకాయ తరగనిచ్చేది కాదు. తమిళులూ, కన్నడిగులూ, మహారాష్ట్రులూ తరతరాలుగా దొండకాయ తింటున్నారు. లెక్కల్లో వాళ్ళు మనకేమీ తీసిపోలేదు. ఆ నమ్మకం నాకు ఒక సాకుగా పనికివచ్చిందేగాని, అందులో నిజం ఉందని నేను అనుకోను.

ఆ మాటకు జవాబు

ఇప్పుడు మా ఊళ్ళో తాటాకు దడులు లేవు. ఇటికగోడలు లేచాయి. నున్నగా సిమెంటు పూసిన గోడ తీగకు పట్టునివ్వదు. బ్రహ్మజెముడు కంచెలు నరికి ముళ్ళతీగ లాగారు. కాకిదొండ రైలుకట్ట పక్కకూ, కాలవగట్ల మీదికీ సర్దుకుంది. ఈ తరం పిల్లలకు సామెత తెలుసు, పండు తెలియదు.

సామెత దగ్గరికే మళ్ళీ వస్తాను. మా అమ్మాయి చదువు పూర్తయి ఉద్యోగంలో చేరాక సంబంధాలు చూడటం మొదలుపెట్టాం. మూడు సంబంధాలు రంగు దగ్గరే ఆగిపోయాయి. ఒకాయన మర్యాదగా జాతకం కలవలేదన్నాడు. ఒకావిడ, "పిల్ల బంగారమే గాని..." అని ఊరుకుంది. మూడోవారు ఉత్తరమే రాయలేదు. మా అమ్మాయి పైకి ఏమీ అనేది కాదు. ఆ రోజుల్లో మాత్రం ఒకటి రెండు సార్లు అద్దం ముందు చాలాసేపు నిలబడటం చూశాను. ఆ రంగు నేనిచ్చిందే కదా అని నాకు నిద్ర పట్టేది కాదు.

నాలుగో అబ్బాయి దానితోపాటు పనిచేస్తున్నవాడే. తానే కావాలని పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మనిషి మంచి ఛాయ. పెళ్ళి 2000లో జరిగింది.

ఆ పెళ్ళికి మా ఆవిడ మేనత్త కూడా వచ్చింది. అప్పటికి డెబ్బై దగ్గరపడింది. బంతిలో మా పక్కనే కూర్చోబెట్టాం. దొండకాయ, జీడిపప్పు వేపుడు వడ్డించారు. ఆవిడ వధూవరులవంక చూసి బోసినోటితో నవ్వి, "మళ్ళీ కాకిముక్కుకు దొండపండేనే! ఈసారి పండు మగపెళ్ళివారిది" అంది.

నా గుండె జారిపోయింది. మా అమ్మాయి తల వంచుకుంది. వియ్యపురాలు ఎటో చూస్తున్నట్లు నటించింది. అప్పుడు మా ఆవిడ విస్తట్లోంచి తలెత్తకుండానే, నెమ్మదిగా అంది:

"అవును అత్తయ్యా. దొండపండు ఎక్కడున్నా వెతుక్కుంటూ వచ్చి, దాని వంశం నిలబెట్టేది కాకే. చిలకైతే సగం కొరికి పారేస్తుంది. మా పెరట్లో చూశాను."

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ముందు మా అమ్మాయి నవ్వింది. తరవాత అల్లుడు నవ్వాడు. ఆఖరికి మేనత్తగారు కూడా నవ్వి, "నీ నోరు మంచిదే తల్లీ" అంది.

28 ఏళ్ళు! ఆ మాట ఆవిడ మరిచిపోయిందనుకున్నాను. ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. పొయ్యిదగ్గరనుంచి చిలకనూ, కాకినీ చూస్తూ నేను అనుకున్నదే తానూ అనుకుంది. నాకు చెబితే నొచ్చుకుంటానని చెప్పలేదు, అంతే.

ఆ పూట విస్తట్లో దొండకాయ వేపుడు పూర్తిగా తిన్నాను. మారు కూడా వడ్డించమన్నాను. చాలా బాగుంది సుమండీ.